బెజవాడకు ఎంత రైలు కావాలి?

పదవీ విరమణకు రెండు మూడు సంవత్సరాల దూరంలో ఉన్న ఉద్యోగులిద్దరు కలిస్తే ముందుగా భవిష్యనిధి గురించి, ఆ తరువాత ఎక్కడ స్థిరపడాలన్న విషయం గురించి మాట్లాడుకోవడం మన సంస్థలో పరిపాటి. మా ఇంట్లో ఈ రెండవ ప్రశ్న ఏడాది కాలంగా తెగక నడుస్తున్నది. నాకు బెజవాడ వెళ్లిపోవాలని ఉన్నది. అక్కడ పుట్టాను, కానూరులో ఇంజనీరింగు చదివాను, మా తమ్ముడూ అక్కడే ఉన్నాడు. నా శ్రీమతి అక్కగారు పటమటలో ఉంటారు. అయినా ఢిల్లీ విడిచి రావడానికి నా శ్రీమతి సుముఖంగా లేదు. ముప్ఫై ఏళ్ల క్రితం ఈ ఊరికి బదిలీ ఉత్తర్వు అందిన రోజున కన్నీళ్లు పెట్టుకున్న మనిషి ఆమే కావడం విశేషం.

కారణం అడిగితే ఆమె చెప్పినది ఒక్క మాట. "అక్కడ గుడికి వెళ్లాలన్నా ఎవరో ఒకరు బండి తీయాలండీ. ఇక్కడ నేను ఒక్కదాన్నే వెళ్లి వస్తాను."

దీనికి సమాధానం చెప్పాలన్న పట్టుదలతోనే నేను పట్టణ రవాణాకు సంబంధించిన నివేదికలు చదవడం మొదలుపెట్టాను. నా వృత్తి యంత్రాల నిర్వహణ. రైల్వే ఇంజనీరును కాను. కనుక ఈ వ్యాసంలోని అభిప్రాయాలు కేవలం నా వ్యక్తిగతమైనవని, లెక్కలు మాత్రం ఎవరైనా సరిచూసుకోవచ్చునని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

మేము నివసించే లక్ష్మీ నగర్ యమునకు తూర్పున, వికాస్ మార్గ్‌ను ఆనుకుని ఉన్న ఇరుకైన పేట. చార్టర్డ్ అకౌంటెన్సీ శిక్షణ కేంద్రాలు, వాటి కోసం వచ్చిన విద్యార్థులు అద్దెకుండే గదులు, మూడవ అంతస్తు కిటికీలో నుంచి చేయి చాస్తే ఎదుటి ఇంటి కిటికీ తగిలే వీధులు. యమునా బ్యాంకు నుంచి ఆనంద్ విహార్ వరకు మెట్రో శాఖను 2010 జనవరి 6న ప్రారంభించారు. మా స్టేషను ఆ మార్గంలోనిదే. అంతకుముందు యమున దాటి ఐటీఓ చేరుకోవడమంటే వికాస్ మార్గ్‌లో బస్సు పాదం పట్టుకుని వేలాడడమే. హిందీ సరిగా రాని నా శ్రీమతి ఆ రోజుల్లో ఒంటరిగా నది దాటిన సందర్భాలు వేళ్ల మీద లెక్కించవచ్చును. ఇప్పుడు ప్రతి శనివారం గోల్ మార్కెట్‌లోని బాలాజీ మందిరానికి వెళ్లి వస్తుంది. మధ్యలో రైలు మారవలసిన పని లేదు, ఆర్.కె. ఆశ్రమ్ మార్గ్ దగ్గర దిగితే చాలును.

వృత్తిరీత్యా వచ్చిన అలవాటు కొద్దీ ఒక శనివారం గడియారం చూసుకుంటూ ఆమెతో ప్రయాణించాను. ఇంటి నుంచి గుడి వరకు సుమారు 50 నిమిషాలు పట్టింది. అందులో రైలులో కూర్చున్నది 20 నిమిషాలే. తక్కిన అరగంటా ఈ-రిక్షా, భద్రతా తనిఖీ, లిఫ్టు కోసం నిరీక్షణ, ప్లాట్‌ఫారం మీద నిలబడడం, అటుపక్క నడక. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి ఈ-రిక్షా గానీ లిఫ్టు గానీ లేకపోతే ఆ రైలు ఉన్నా లేనట్లే. మెట్రో గురించి మాట్లాడేటప్పుడు మనమందరం ఆ 20 నిమిషాల గురించే మాట్లాడతాము.

ఇక బెజవాడ సంగతి. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం పదమూడవ షెడ్యూలులో విశాఖపట్నంతో పాటు విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతానికి మెట్రో రైలు సాధ్యాసాధ్యాలను పరిశీలించాలని వ్రాశారు. 2015లో ఢిల్లీ మెట్రో సంస్థ విజయవాడకు సమగ్ర నివేదిక తయారు చేసింది. పండిట్ నెహ్రూ బస్ స్టేషను కేంద్రంగా, బందరు రోడ్డు వెంట పెనమలూరుకు ఒకటి, ఏలూరు రోడ్డు మీదుగా నిడమానూరుకు ఒకటి, వెరసి 26 కిలోమీటర్లు. 2017లో కేంద్రం కొత్త మెట్రో విధానం ప్రకటించి, ప్రైవేటు భాగస్వామ్యం ఉండాలనీ, ఇతర ప్రత్యామ్నాయాలను కూడా పోల్చి చూడాలనీ నిబంధన పెట్టింది. అప్పుడు లైట్ మెట్రో ఆలోచన వచ్చింది, కొంతకాలానికి అదీ అటకెక్కింది. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం మళ్లీ ఒక నివేదికను ఆమోదించింది. మొదటి దశలో బస్ స్టేషను నుంచి గన్నవరం వరకు ఒక మార్గం, పెనమలూరు వరకు మరొక మార్గం, మొత్తం 38.4 కిలోమీటర్లు, అంచనా వ్యయం 11,009 కోట్ల రూపాయలు. కిలోమీటరుకు దాదాపు 287 కోట్లన్న మాట. చట్టం చేసిన నాటి నుంచి ఈ నివేదిక దాకా గడిచిన పదేళ్లలో ఒక్క స్తంభమైనా లేవలేదు.

ఆలస్యాన్ని గురించి విమర్శించడం నా ఉద్దేశం కాదు. ఆ పదేళ్లలో ఎక్కువగా వినిపించిన ప్రశ్న "మెట్రో వస్తుందా, రాదా?" అన్నదే. ఎటువంటి రైలు, ఏ వీధికి, ఎంత అన్న ప్రశ్న నివేదికలలో ఉన్నదేమో గాని, సంక్రాంతికి మా తమ్ముని ఇంటి అరుగు మీద చేరే పెద్దమనుషుల నోట నేను వినలేదు. హైదరాబాదుకు ఉన్నది మనకూ ఉండాలన్నదే వారి వాదన. పరువు దృష్ట్యా అది సహజమే. ప్రయాణికుని దృష్ట్యా ఆలోచిస్తే మాత్రం వేరుగా తోస్తుంది.

మెట్రో రైలుకూ లైట్ రైలుకూ భేదం పెట్టెల సంఖ్యలో మాత్రమే ఉన్నదనుకోరాదు. మెట్రోకు పూర్తిగా వేరైన దారి కావాలి, నగరం నడుమ సాధారణంగా ఎత్తు వంతెన మీదనో భూగర్భంలోనో. లైట్ రైలు పెట్టె తేలిక, ఇరుసు మీద బరువు తక్కువ. రోడ్డు మధ్యనే, కారు చక్రాలకు అడ్డు తగలకుండా భూమిలో సమంగా పొదిగిన పట్టాల మీద నడవగలదు. పాతిక మీటర్ల వ్యాసార్థం గల మలుపులోనైనా తిరగగలదు. గవర్నరుపేట మూలలు తెలిసినవారికి ఈ సౌలభ్యం విలువ వేరుగా చెప్పనక్కర లేదు. ఎక్కడానికి మెట్లుండవు, ఫుట్‌పాత్ ఎత్తులోనే పెట్టె నేల ఉంటుంది. కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2019లో ఇటువంటి వ్యవస్థకు 'మెట్రోలైట్' అని పేరు పెట్టి ప్రమాణాలు ప్రకటించింది. సాధారణ మెట్రో ఖర్చులో ఇది దాదాపు 40 శాతంతో పూర్తవుతుందని ఆ శాఖ చెప్పింది.

ఖర్చు సంగతి అటుంచి కాలం సంగతి చూద్దాం. ఎత్తు వంతెన మీద మెట్రో సగటున గంటకు 32 కిలోమీటర్లు, నేల మీది లైట్ రైలు 22 కిలోమీటర్లు పోతుందనుకుందాం. ఢిల్లీలో నేను ఆఫీసుకు వెళ్లే 20 కిలోమీటర్ల దూరానికి మెట్రోలో 37 నిమిషాలు, లైట్ రైలులో 54 నిమిషాలు పడుతుంది. పదిహేడు నిమిషాల తేడా. ఇక్కడ మెట్రోయే కావాలి, సందేహం లేదు. పటమట నుంచి బస్ స్టేషను దాకా సుమారు 5 కిలోమీటర్లు అనుకుంటే మెట్రోలో తొమ్మిదిన్నర నిమిషాలు, లైట్ రైలులో పదమూడున్నర నిమిషాలు. తేడా నాలుగు నిమిషాలు. కాని మెట్రోకు రెండంతస్తుల ఎత్తు ఎక్కాలి, సంచీ తనిఖీ చేయించుకోవాలి, మళ్లీ దిగాలి. దీనికి తక్కువలో తక్కువ ఐదారు నిమిషాలు. మోకాళ్ల నొప్పి ఉంటే ఇంకా ఎక్కువ. అంటే దూరం చిన్నదైనప్పుడు వేగంలో సంపాదించిన నిమిషాలను మెట్లు హరించివేస్తాయి. చిన్న నగరంలో ప్రయాణాలు చిన్నవి. నాకు తెలిసినంతలో లైట్ రైలును సమర్థించే వాదనలన్నింటిలో బలమైనది ఇదే. దీనికి గొప్ప పరిజ్ఞానం అక్కర లేదు, గడియారం ఉంటే చాలును.

ఈ లెక్క విని నా సహోద్యోగి ఒకరు, సివిల్ విభాగంలోని అనుభవజ్ఞుడు, గన్నవరం సంగతేమిటని నిలదీశారు. ఆయన అన్నది సబబే. విమానాశ్రయం దాకా పోయే మార్గం పొడవైనది, జాతీయ రహదారి వెంట పోతుంది, అక్కడ వేగం ముఖ్యం. ఆ మార్గానికి ఎత్తు వంతెన పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. బందరు రోడ్డు వెంట పోయే పన్నెండున్నర కిలోమీటర్ల మార్గం విషయంలోనే నా వాదన. "ఒకే ఊళ్లో రెండు రకాల బండ్లా? రెండు డిపోలు, రెండు రకాల విడిభాగాలు, రెండు రకాల శిక్షణ. నిర్వహణ ఇంజనీరువై ఉండి నువ్వే ఈ మాట అంటావేమిటి?" అని ఆయన ఎదురు ప్రశ్న. స్టోర్సులో ఒకే రకం బేరింగు ఉండాలని ఇరవై ఏళ్లు పోరాడినవాణ్ణి గనుక ఆ బాధ నాకు బాగా తెలుసు. అయినా స్టోర్సు సౌకర్యం కోసం ప్రయాణికుని మెట్లెక్కించడం న్యాయం కాదని ఆయనతో అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

చరిత్ర కూడా ఒకమారు చూడవలసి ఉన్నది. నేల మీద నడిచే రైలు తెలుగువారికి కొత్త కాదు. మద్రాసులో 1895లోనే విద్యుత్తుతో ట్రాములు నడిచాయి. మా తాతగారు కోర్టు పని మీద మద్రాసు వెళ్లినప్పుడల్లా ఎక్కినట్లు చెప్పేవారు. 1953 ఏప్రిల్‌లో అవి ఆగిపోయాయి. అదే ఏడు అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో 1908 నుంచి 1963 దాకా ట్రాములుండేవి. కలకత్తాలో మిగిలిన వాటిని కూడా ఒక్క వారసత్వ మార్గం తప్ప మూసివేస్తున్నట్లు 2024లో ప్రకటించారు. ఇదే కాలంలో పాశ్చాత్య దేశాలలో దీనికి విరుద్ధంగా జరిగింది. ఫ్రాన్సులోని నాంట్ నగరం 1958లో తన ట్రాములను తీసివేసి, 1985లో ఆధునికమైన రూపంలో మళ్లీ వేసుకున్నది. స్ట్రాస్‌బుర్గ్ 1994లో అదే దారి పట్టింది. ఈ రెండూ జనాభాలో మన బెజవాడ కంటే చిన్నవి. 2011 జనాభా లెక్కల ప్రకారమే మన నగరపాలక సంస్థ పరిధిలో పది లక్షల పైచిలుకు మంది ఉన్నారు. కనుక "మన ఊరు చిన్నది, మనకు రైలెందుకు" అన్న మాట కూడా నిలవదు.

అసలు చిక్కు పట్టాలలో గాక రోడ్డులో ఉన్నది. ఎత్తు వంతెన కడితే కారు యజమాని నుంచి రోడ్డు తీసుకోవలసిన పని తక్కువ. నేల మీద పట్టాలు వేస్తే రోడ్డు మధ్యలో రెండు వరుసలు శాశ్వతంగా రైలుకు వదలాలి. లెక్క ప్రకారం ఇది లాభమే. మూడు వందల మంది పట్టే బండి మూడు నిమిషాలకు ఒకటి చొప్పున నడిస్తే గంటకు ఒక దిక్కుకు ఆరు వేల మంది పోతారు. అదే వరుసలో కూడళ్ల మధ్య గంటకు ఏడెనిమిది వందల కార్లు పోయినా, కారుకు ఒకటిన్నర మంది చొప్పున పన్నెండు వందల మందికి మించరు. కాని బెంజి సర్కిల్ దగ్గర నిలబడి ఈ లెక్క చెప్పి ఒప్పించగల నాయకుడు ఎవరు? ఢిల్లీలోనే చూశాము. 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు బస్సులకు ప్రత్యేక వరుస కేటాయించారు. బస్సులు సాఫీగానే పోయేవి. పక్క వరుసలో నిలిచిపోయిన కార్లవారి ఆగ్రహానికి 2016లో దానిని తొలగించారు. బెజవాడలోనూ బస్సుల ప్రత్యేక వ్యవస్థ కోసం రోడ్డు వేశారు. ఇప్పుడది 'బీఆర్‌టీఎస్ రోడ్డు' అనే పేరుగా మిగిలింది. ఆ పేరులోని 'బీ' అక్షరం బస్సుకు సంకేతమని మా తమ్ముని కుమారునికి నేను చెప్పేదాకా తెలియదు.

రోడ్డు తరువాత నీరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతం రోజుల తరబడి మునిగింది. నేల మీది పట్టాలు మునిగితే నీరు తీసిన తరువాత కడిగి వాడుకోవచ్చును. విద్యుత్ ఉపకేంద్రం, సిగ్నలు గది మునిగితే నెలలు పడుతుంది. వాటిని ఎత్తయిన దిమ్మెల మీద కట్టుకోవడం కష్టమేమీ కాదు గాని, మొదటి నమూనాలోనే వ్రాసుకోవాలి. దసరా నవరాత్రులలో ఇంద్రకీలాద్రి చుట్టూ చేరే జనం విషయమూ అంతే. ఆ రోజుల్లో నేల మీది బండిని కొంత దూరం ముందే నిలిపి వెనక్కు మళ్లించే ఏర్పాటు ఉండాలి. 2028లో కృష్ణా పుష్కరాలు రానున్నాయి. వాటి నాటికి రైలు వస్తుందని ఆశపడడం అత్యాశ. ఆ జనం ఏ వీధిలో ఎంత కదిలారో శ్రద్ధగా లెక్కించుకుంటే మాత్రం అంతకంటే మంచి సర్వే ఉండదు.

నివేదికలలో తిరిగి చూడవలసిన అంకె మరొకటి ఉన్నది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 'స్త్రీ శక్తి' పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో సైతం మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. పటమటలోని మా వదినగారు ఇప్పుడు బస్సు ఎక్కితే పైకం చెల్లించనక్కర లేదు. రేపు అదే బందరు రోడ్డు మీద టిక్కెట్టు కొని ఎక్కవలసిన రైలు వస్తే ఆమె ఏది ఎక్కుతుంది? ప్రయాణికులలో సగం మందికి సంబంధించిన ప్రశ్న ఇది. 2024 డిసెంబరులో ఆమోదించిన నివేదిక ఈ పథకానికి ముందుది. రైలుకూ బస్సుకూ ఒకే టిక్కెట్టు పెట్టి, ఉచిత సౌకర్యాన్ని రైలుకూ విస్తరించి, ఆ భారాన్ని ప్రభుత్వం బాహాటంగా లెక్కలో చూపించడం ఒక మార్గం. లేనిచో రాబడి అంచనాలు కాగితానికే పరిమితమవుతాయి. జైపూరులో 2015 జూన్‌లో మెట్రో మొదలైనప్పుడు అనుకున్నంత మంది ఎక్కలేదు. మా పొరుగున గురుగ్రామ్‌లో ప్రైవేటు పెట్టుబడితో 2013లో మొదలైన ర్యాపిడ్ మెట్రోను ఆరేళ్లకే ఢిల్లీ మెట్రో సంస్థ చేతిలోకి తీసుకోవలసి వచ్చింది. అద్దాల భవనాల మధ్య నుంచి చూడముచ్చటగా పోతుంది ఆ రైలు.

బస్సుల మాట వచ్చింది గనుక ఒక అంచనా వేశాను. 287 కోట్లకు బదులు, 40 శాతం సూత్రం ప్రకారం కిలోమీటరుకు 115 కోట్లే అయితే, పెనమలూరు మార్గం పన్నెండున్నర కిలోమీటర్లలోనే రెండు వేల కోట్లకు పైగా మిగులుతుంది. పట్టాలు వేయడంలో అడ్డువచ్చే నీటి గొట్టాలు, కేబుళ్లు మార్చడానికి అందులో సగం పోయిందనుకున్నా వెయ్యి కోట్లు. విద్యుత్ బస్సు ఒక్కొక్కటి కోటిన్నర అనుకుంటే ఆరు వందలకు పైగా బస్సులు. పక్కవీధుల నుంచి జనాన్ని స్టేషనుకు చేర్చేవి అవే. గుంటూరు, తెనాలి, విజయవాడలను కలుపుతూ బ్రాడ్‌గేజి పట్టాలు ఏనాడో ఉన్నాయి. వాటి మీద అరగంటకొక స్థానిక రైలు నడిపితే ఎంత మేలో, ఆ ఊళ్ల నుంచి రోజూ ఉద్యోగాలకు వచ్చేవారిని అడిగితే చెబుతారు.

ఇన్ని లెక్కలూ ఒక తెల్లకాగితం మీద పట్టికగా వ్రాసి నా శ్రీమతికి చూపించాను. ఆమె కిలోమీటర్లూ కోట్లూ చూడలేదు. "అక్క ఇంటి సందు నుంచి మెయిన్ రోడ్డు దాకా ఎలా వస్తానో ఇందులో వ్రాయలేదే" అన్నది. నిజమే, నేను చదివిన నివేదికలు స్టేషను గేటు దగ్గర మొదలవుతున్నాయి.

ఆ రాత్రే తమ్మునికి ఫోను చేసి, సందు మొగ నుంచి బందరు రోడ్డు దాకా అడుగులు లెక్కపెట్టి, ఫుట్‌పాత్ ఎంతవరకు ఉన్నదో చూడమన్నాను. వాడు నవ్వాడు గాని మర్నాడు ఉదయం నడక వేళ నిజంగానే లెక్కించి వివరాలు పంపాడు. మొత్తం 410 అడుగులు. ఫుట్‌పాత్ ఉన్నది 170 అడుగులు. అందులో 40 అడుగుల మేర టిఫిను బండి, దాని బెంచీలు. ఒక చోట ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె అడ్డం. రెండు చోట్ల మురుగు కాలువ మీది పలక విరిగి ఉన్నది, ఒకదానిలో గుర్తుగా ఎవరో వేపకొమ్మ గుచ్చారు. వీధి దీపాలు ఆరింటిలో నాలుగు వెలుగుతున్నాయి. సాయంత్రం వేళ మళ్లీ చూసి చెబుతానని చివర వ్రాశాడు.